మేకపిల్ల బడికొచ్చిన రోజు

మా బడికి మొదటిసారి మేకపిల్ల వచ్చినప్పుడు పిల్లలెవరూ అరవలేదు. అరుస్తారేమోనని నేనే టెన్షన్ పడ్డాను. ఇరవై రెండు మంది, అందరూ మూడు నుంచి అయిదేళ్ళ వాళ్ళు. గదిలోకి బొద్దింక వస్తేనే పైకప్పు ఎగిరిపోయేలా గోల చేస్తారు. ఆ రోజు మా దగ్గర చదివే పిల్లాడి అవ్వ నెలన్నర వయసున్న మేకపిల్లను చంకనెత్తుకుని గడప దగ్గర నిలబడగానే గదంతా సద్దుమణిగిపోయింది. మేకపిల్ల కూడా కదల్లేదు. కాసేపు వాళ్ళు దాన్ని చూశారు, అది వాళ్ళను చూసింది.

అవ్వ కింద కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరిద్దరుగా రమ్మన్నాను. నాలుగేళ్ళ పాప ఒకతి వీపు నిమరమంటే నిమరకుండా, అరచెయ్యి మేకపిల్ల పక్కటెముకల మీద ఆనించి అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి నా వైపు తిరిగి, "టీచర్, లోపల ఏందో కొట్టుకుంటాంది" అంది. అని, రెండో చెయ్యి తన గుండె మీద పెట్టుకుంది.

ఆ కాసేపట్లో ఆ పాప ఏం నేర్చుకుంది? దీనికి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. జంతువుల పేర్లు, కూతలు వస్తాయని అమ్మానాన్నలు అంటారు. దయాగుణం అలవడుతుందని తోటి టీచర్లు అంటారు. కొన్ని ప్లేస్కూళ్ళకు అది అడ్మిషన్ల సమయంలో వేసుకునే ఫొటో. పిల్లల డాక్టరైతే ముందు చేతులు కడిగించారా అని అడుగుతారు. అన్నిట్లోనూ ఎంతోకొంత నిజముంది. కానీ అన్నీ ఒకే ముడిలో పడిపోవడం వల్ల, జంతువును బడికి తేవాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడల్లా ఒకరి మాట ఒకరికి అందదు. ఆ ముడిని పోగు పోగుగా విప్పి చూద్దామనే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మేక 'మే' అంటుందని గోడ మీది చార్టు చూసి నేర్చుకోవచ్చు. ప్రాణమున్న జంతువు దగ్గర మాత్రమే తెలిసేది ఒకటుంది: ఎదురుగా ఉన్న ఈ ప్రాణి నా ఆట కోసం పుట్టింది కాదు, దానికీ ఆకలి, భయం, ఇష్టాయిష్టాలు ఉన్నాయని. జంతువు గదిలోకి వచ్చినంత మాత్రాన అది తెలిసిపోదు. పక్కనున్న పెద్దవాళ్ళు ఏం మాట్లాడారు, పిల్లకు ఎంతసేపు దొరికింది, ఆ ప్రాణిని మళ్ళీ చూసిందా లేదా, వీటిని బట్టే ఉంటుంది.

దానంతట అదే కదిలేది

చిన్నపిల్లలకు జంతువులంటే ఎందుకంత ఇష్టం? ముద్దుగా ఉంటాయని మనం అనుకుంటాం. అమెరికాలో వనెస్సా లోబూ, జూడీ డెలోచ్, వాళ్ళ తోటి పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, మంచి మంచి బొమ్మలున్న గదిలోనే ఒక చేపనూ, ఎలుకలా ఉండే హామ్‌స్టర్‌నూ కూడా పెట్టి చిన్నపిల్లల్ని ఆడుకోమని వదిలారు. ఎత్తుకుని ఆడుకునే వీలు బొమ్మలతోనే ఉన్నా, పిల్లలు ఎక్కువసార్లు జంతువుల వైపే వెళ్ళారు. తల్లిదండ్రులు కూడా జంతువుల గురించే ఎక్కువ మాట్లాడారు.

ఒక కారణం కదలిక. కదలిక అంటే ఏ కదలికైనా కాదు, దానంతట అదే కదలడం. 1988లో క్రిస్టీన్ మాసీ, రోషెల్ గెల్మన్ మూడు, నాలుగేళ్ళ పిల్లలకు వాళ్ళెప్పుడూ చూడని జంతువుల, బొమ్మల, బండ్ల ఫొటోలు చూపించి, ఇది తనంతట తానే కొండెక్కగలదా అని అడిగారు. జంతువు ఆకారంలోనే ఉన్నా విగ్రహం ఎక్కలేదని, ఎన్నడూ చూడని జంతువైనా ఎక్కగలదని పిల్లలు చాలావరకు సరిగ్గా చెప్పారు. అంటే మూడేళ్ళకే పిల్లల దగ్గర ఒక గీత ఉంది. ఒకవైపు తోస్తే కదిలేవి, ఇంకోవైపు తమంతట తాము కదిలేవి.

అయితే ఆ గీత 'ప్రాణం' అనే గీత కాదు. ఇక్కడే పిల్లలు తికమకపడతారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జ్యాఁ పియాజే 1920లలోనే దీన్ని రాశాడు. సూర్యుడికి, మేఘానికి, సైకిలుకు ప్రాణముందని పిల్లలు అనడం ఆయన విన్నాడు. చెట్టుకు లేదనే పిల్లలు నాకు ఇప్పటికీ ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతారు. కదలదు కదా మరి.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. తెలుగులో మేకా వచ్చింది, బస్సూ వచ్చింది. చందమామ మాత్రం వచ్చాడు. ప్రాణం ఉందో లేదో మన క్రియలు చెప్పవు. పైగా చార్జింగ్ అయిపోతే ఫోను చచ్చిపోయిందంటాం, మోటారు ఊపిరి పీల్చుకుందంటాం. మూడేళ్ళ పిల్ల మన మాటల్లోంచి ప్రాణమంటే ఏమిటో తేల్చుకోవాలంటే చిన్న పని కాదు. వెచ్చని పొట్ట మీద చెయ్యి పెడితే మాత్రం ఏ వ్యాకరణమూ అడ్డురాదు.

చేపపిల్ల నుంచి కప్పపిల్ల దాకా

సూజన్ కేరీ అనే పరిశోధకురాలు 1985లో ఒక వాదన చేసింది. చిన్నపిల్లలు ప్రతి ప్రాణినీ మనిషితో పోల్చే అర్థం చేసుకుంటారని, మనిషికి దగ్గరగా కనిపించే కుక్కకు గుండె ఉందంటారని, పురుగుకు లేదంటారని. చాలాకాలం ఇదే పిల్లలందరి సహజ స్వభావమనుకున్నారు.

జపాన్‌లో కయోకో ఇనగాకి ఆ మాటను కాస్త కదిలించింది. 1990లో ఆమె ప్రచురించిన అధ్యయనంలో ఇంట్లో గోల్డ్‌ఫిష్ పెంచిన అయిదేళ్ళ పిల్లలూ ఉన్నారు, పెంచని పిల్లలూ ఉన్నారు. చేపకు గుండె ఉందా వంటి పైకి కనిపించని సంగతుల్లో కూడా పెంచిన పిల్లలు ముందున్నారు. అసలు విశేషం వేరే ఉంది. కప్పపిల్లను ఎప్పటికీ చిన్నగానే ఉంచగలమా అని అడిగితే, ఉంచలేం, మా చేప కూడా మొదట చిన్నదే, తర్వాత పెద్దదైంది కదా అన్నట్టు జవాబిచ్చారు. ఎన్నడూ పెంచని కప్ప గురించి ఆలోచించడానికి పెంచిన చేప ఆసరా అయింది. మనిషి ఒక్కడే కొలబద్దగా ఉన్నచోట రెండో కొలబద్ద దొరికింది.

2003లో డగ్లస్ మెడిన్, స్కాట్ అట్రాన్ తదితరులు అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉండే మెనోమినీ ఆదివాసీ పిల్లల దగ్గర, నగర పిల్లల దగ్గర ఇదే విషయం పోల్చి చూశారు. మనిషిని కేంద్రంగా పెట్టుకుని ఆలోచించడం నగర పిల్లల్లో బలంగా కనిపించింది. అడవీ, చేపలవేట మధ్య పెరిగే మెనోమినీ పిల్లల్లో అలా లేదు. ఏ ప్రాణి దేన్ని తింటుంది, ఎక్కడ ఉంటుంది అన్న సంబంధాలను పట్టుకుని వాళ్ళు ఆలోచించారు. అంటే పిల్లల స్వభావం అనుకున్నది చాలావరకు పిల్లలు పెరిగిన చోటు.

ఇది చదివినప్పుడు నాకు మా పిల్లలే కళ్ళముందు మెదిలారు. గొర్రెల మందతో పాటు తిరిగే ఇంటి పిల్లాడు మేకపిల్లను చూసి ముద్దు చెయ్యలేదు. "దీనికి పాలు చాలడం లేదు, ఎముకలు తగులుతాండాయి" అన్నాడు. నాలుగేళ్ళవాడు. వాడికి నేను నేర్పేదేముంది? ఆ పూట వాడినే పక్కన కూర్చోబెట్టుకుని మిగతావాళ్ళకు చెప్పించాను.

ఒక రోజు చూపించి పంపేసే జంతువు వేరు, నెలల తరబడి పెంచే జంతువు వేరు అన్నది దీన్నిబట్టి అర్థమవుతుంది. గోల్డ్‌ఫిష్ పిల్లలకు తెలిసింది ఒక్క చూపుతో తెలిసింది కాదు. మేత వేసి, నీళ్ళు మార్చి, పెరగడం చూసి తెలుసుకున్నది.

'నమస్తే చెబుతోంది' అనకండి

ఇక పెద్దవాళ్ళ మాట. జంతువు రాగానే మన నోట్లోంచి అలవాటుగా వచ్చేవి ఇవి: చూడండి పిల్లలూ, మేకపిల్ల మీకు హాయ్ చెబుతోంది. మీతో ఫ్రెండ్‌షిప్ చేస్తుందట. అమ్మ కోసం ఏడుస్తోంది.

టొరంటోలో ప్యాట్రిషియా గానియా బృందం 2014లో పిల్లల పుస్తకాల మీద ఒక పరిశోధన ప్రచురించింది. పిల్లలకు తెలియని జంతువుల గురించి రెండు రకాలుగా చదివి వినిపించారు. ఒక రకంలో జంతువు ఉన్నదున్నట్టు ఉంటుంది, రెండో రకంలో మనిషిలా మాట్లాడుతుంది, ఆలోచిస్తుంది. మనిషిలా మాట్లాడే జంతువుల పుస్తకాలు విన్న పిల్లలు నిజమైన సంగతులు తక్కువగా పట్టుకున్నారు. మనిషి గుణాలను జంతువులకు అంటగట్టడం మాత్రం ఎక్కువైంది.

కథలు మానెయ్యమని నేననను. మాట్లాడే నక్క, తెలివైన కుందేలు లేకుండా మన బాల్యం లేదు. కానీ ఎదురుగా నిజమైన మేక ఉన్నప్పుడు దాని నోట్లో మన మాటలు పెడితే, పిల్లలు మేకను చూడడం మానేసి మనల్ని వింటారు. చూపించదగ్గవి ఎన్ని ఉంటాయో చూడండి. మేక కంటిపాప మనలా గుండ్రంగా ఉండదు, అడ్డంగా పెట్టిన గీతలా ఉంటుంది. పై దవడకు ముందు పళ్ళు ఉండవు. గిట్ట రెండుగా చీలి ఉంటుంది. తిన్నది మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తుంది. ఇవి చెప్పడం కంటే అడగడం మేలు. "పై పళ్ళు ఎన్ని ఉన్నాయి?" అని అడిగి నోరు మూసుకుని కూర్చుంటే, తల్లిమేక ఆకు తింటున్నప్పుడు పిల్లలు నేలమీద బోర్లా పడుకుని మరీ చూశారు. లేవంటే లేవని తేల్చుకున్నాక మిగతాదంతా వాళ్ళే అడిగారు. అట్లయితే ఆకు ఎట్ల తెంపుతుంది? ఆవుకూ లేవా? మా తాతకూ లేవు!

పెంటికలు కూడా పాఠమే. మేకపిల్ల గదిలోనే వేసింది. ఆయా తుడవబోతే ఒక్క నిమిషం ఆగమన్నాను. గుండ్రంగా, చిన్న చిన్నగా ఎందుకున్నాయి, కుక్కది అలా ఉండదెందుకు అన్న చర్చ ఆ వారమంతా సాగింది. ఛీ అనకుండా, ముట్టుకోకుండా చూడడం కూడా నేర్పవలసిన విషయమే.

భయం ఎక్కడి నుంచి వస్తుంది

ప్రతి గుంపులో ఒకరిద్దరు గోడకు అతుక్కుపోయి ఉంటారు. వాళ్ళను చెయ్యి పట్టి లాక్కొచ్చి "ఏం చెయ్యదు, ముట్టుకో" అనడం మనకు అలవాటు. అది చాలా తప్పు అని నేను గట్టిగా అనుకుంటాను.

డెలోచ్, లోబూలే 2009లో పసిపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. పాముల వీడియోలు, వేరే జంతువుల వీడియోలు చూపించారు. పామును చూసి పసిపిల్లలు ప్రత్యేకంగా ఏమీ భయపడలేదు. కానీ వీడియోతో పాటు భయపడుతున్న గొంతు వినిపించినప్పుడు, వాళ్ళ చూపు పాము మీదే ఎక్కువసేపు నిలిచింది. భయం పుట్టుకతో సిద్ధంగా ఉండదు. ఫలానా వాటి విషయంలో చాలా తొందరగా అంటుకుంటుంది. అంటించేది చాలాసార్లు మన గొంతే. "అన్నం తినకపోతే కుక్కకు పట్టిస్తా" అని రోజూ వినే పిల్ల కుక్కను ఎలా చూస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

గోడకు అతుక్కున్న పిల్లాడికి నేను ఒక పని ఇస్తాను, దూరంగా ఉండి చేసే పని. అవిసె కొమ్మలు గంపలో పెట్టడం, నీళ్ళ గిన్నె మోయడం. మేకపిల్లకు అవసరమైన పని తనే చేశాడు కాబట్టి అది తింటుందా లేదా అని వాడే తొంగి చూస్తాడు. దగ్గరికి రావడానికి మూడు సార్లు పడుతుందో, మూడు నెలలు పడుతుందో పట్టనివ్వండి.

భయం పోగొట్టడమంటే జాగ్రత్త పోగొట్టడం కాదు. ముఖ్యంగా కుక్కల విషయంలో. ఇంగ్లండ్‌లో కెర్‌స్టిన్ మైంట్స్ చేసిన పరిశోధనల్లో చిన్నపిల్లలు పళ్ళు బయటపెట్టిన కోపం కుక్కను చూసి నవ్వుతోంది అనుకోవడం బయటపడింది. మన ఊళ్ళలో ఇది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవాళ్ళలో దాదాపు 40 శాతం 15 ఏళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే మా పిల్లలకు కుక్క కంటే ముందు కుక్క ముఖం నేర్పిస్తాను. చెవులు వెనక్కి, ఒళ్ళంతా బిగుసుకుని, పళ్ళు కనిపిస్తే అది నవ్వు కాదు. తెలియని కుక్క వస్తే పరుగెత్తకుండా చేతులు కిందికి వదిలి చెట్టులా నిలబడిపోవాలి. చిన్న గీరుడైనా ఇంట్లో చెప్పాలి. పెద్దవాళ్ళు పసుపో సున్నమో పెట్టకుండా, 15 నిమిషాల పాటు సబ్బు, పారే నీళ్ళతో కడిగి, వెంటనే టీకా కోసం తీసుకెళ్ళాలి. చెట్టు ఆట మా బడిలో పిల్లలకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఒకడు కుక్క, మిగతావాళ్ళంతా చెట్లు.

కుందేలు కదలలేదంటే

కొన్నేళ్ళ కిందట ఒక నగరంలోని ప్లేస్కూల్లో 'పెట్ డే' చూశాను. ఒక వ్యాన్‌లో కుందేళ్ళు, గినీపందులు, చిన్న తాబేలు తెచ్చారు. మధ్యాహ్నంలోపు అన్ని తరగతులూ చూసెయ్యాలి కాబట్టి, ఒక్కో పిల్లకు అర నిమిషం. తెల్ల కుందేలును ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించారు. అది కొంచెం కూడా పెనుగులాడలేదు. "ఎంత సాధువో చూడండి" అని అక్కడి టీచరు మెచ్చుకుంది, ఫొటోలు తీశారు.

కుందేలు వేరే జంతువులకు ఆహారమయ్యే జంతువు. పారిపోవడానికి దారి లేనప్పుడు బిగుసుకుపోతుంది. దాని చెవులు వీపుకు అంటుకుపోయి ఉన్నాయి, కళ్ళు పెద్దవై ఉన్నాయి, ముక్కు ఆగకుండా అదురుతోంది. వెనక కాళ్ళకు ఆసరా లేకుండా ఎత్తితే, అది ఒక్కసారి తన్నుకుంటే చాలు వెన్నెముక విరిగిపోవచ్చు. ఆ రోజు అది బతికే వెళ్ళింది. కానీ ఆ పిల్లలు భయంతో కొయ్యబారిన ప్రాణిని చూసి 'సాధువు' అనడం నేర్చుకున్నారు. దయ నేర్పుదామని పెట్టిన గంటలో నేర్చుకున్నది సరిగ్గా దానికి తిరగబడి ఉంది. నేను అక్కడ అతిథిగా వెళ్ళి ఏమీ అనలేకపోయాను. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అప్పటి నుంచి మా బడిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. జంతువును ఎత్తుకోవడం లేదు. అది దాని మనిషి దగ్గరే ఉంటుంది. ఒకసారికి ఇద్దరే. అది తల తిప్పేసుకుంటే మన వంతు అయిపోయినట్టే. "ఇంకా నా వంతు కాలేదు" అని ఏడ్చే పిల్లకు "దానికి చాలట" అని చెప్పడం తేలికేం కాదు. కానీ మనకు ఇష్టమైన ప్రాణి మనల్ని వద్దనుకోవచ్చు, అయినా మనం దాన్ని ఇష్టపడవచ్చు అన్నది నాలుగేళ్ళ వయసులో ఇంకెక్కడ నేర్చుకుంటారు?

చేతులు, నీళ్ళు, చట్టం

డాక్టర్ల భయం ఉత్తదేం కాదు. 2009లో ఇంగ్లండ్‌లోని గాడ్‌స్టోన్ ఫామ్ అనే చోట, జంతువులను ముట్టుకుని చూసే పిల్లల పొలంలో, ఈ-కోలై ఓ157 అనే బ్యాక్టీరియా 93 మందికి సోకింది. వాళ్ళలో ఎక్కువమంది చిన్నపిల్లలు. ఈ జబ్బు కొందరు పిల్లల కిడ్నీలను దెబ్బతీస్తుంది. సాల్మొనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా కారణంగా నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని అమెరికా 1975లోనే నిషేధించింది. అయిదేళ్ళలోపు పిల్లలు తాబేళ్ళు, బల్లిజాతి, కప్పలు, కోడిపిల్లలు, బాతుపిల్లలను చేత్తో పట్టుకోకూడదని అక్కడి ఆరోగ్య శాఖ ఇప్పటికీ చెబుతుంది. మన దగ్గర రంగులద్ది అమ్మే కోడిపిల్లలను పిల్లల చేతుల్లో పెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఆ కోడిపిల్లల గతి ఏమవుతుందో కూడా.

చెయ్యాల్సింది పెద్దగా లేదు, కానీ తప్పకుండా చెయ్యాలి. జంతువు ఉన్న గదిలో తిండి, నీళ్ళ సీసాలు ఉండకూడదు. అయిపోగానే సబ్బు, పారే నీళ్ళు, పెద్దవాళ్ళ కళ్ళముందే. శానిటైజర్ దానికి సాటిరాదు. విరేచనాలున్న జంతువు, ఈనబోయే లేదా ఈమధ్యే ఈనిన మేక అసలు వద్దు. ఆయాసం, ఎలర్జీ ఉన్న పిల్లల ఇళ్ళలో ముందే అడగాలి. కుళాయి లేని బడికి జంతువును తేవద్దు, అంతే.

చట్టం సంగతి చాలామంది టీచర్లకు తెలియదు. పంజరంలో రామచిలుకను తెచ్చి చూపిస్తే పిల్లలు మురిసిపోతారు, నిజమే. కానీ రామచిలుకకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. నక్షత్ర తాబేలూ అంతే. పాములాడించేవాళ్ళను పిలవడం కూడా తప్పే. కోతులు, ఎలుగుబంట్లతో ఆటలాడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది. మన చిన్నప్పుడు వీధిలోకి వచ్చి మనకు కనిపించిన జంతువుల్లో చాలావాటి ముక్కుకు తాడుండేదని, పళ్ళు పీకేసేవారని అప్పుడు మనకు ఎవరూ చెప్పలేదు. మేక, గొర్రె, దూడ, ఆవు, ఇవి చాలు. పుంగనూరు ఆవు ఉన్నవాళ్ళెవరైనా దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. మూడడుగుల లోపు ఎత్తుండే ఆవు కళ్ళలోకి నాలుగేళ్ళ పిల్ల తలెత్తకుండానే చూడొచ్చు.

ముప్పై పట్టుపురుగులు

ఇన్ని చెప్పాక, ఏ జంతువు మంచిదని అడిగితే నా జవాబు మేక కాదు. పట్టుపురుగు.

మాది హిందూపురం వైపు. ఇక్కడ మల్బరీ తోటలకు కొదవ లేదు. తెలిసిన రైతు ఒకరు రెండో జ్వరం లేచిన ముప్పై పురుగుల్ని ఒక అట్టపెట్టెలో ఇచ్చారు. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు ఒక రోజంతా తినకుండా తలెత్తి కదలకుండా ఉండి, పాత చర్మం విడిచేసే సమయాన్ని రైతులు అలా అంటారు. మొత్తం నాలుగు జ్వరాలు. 'జ్వరం' అనగానే మా పిల్లలు పెట్టె దగ్గర గుసగుసగా మాట్లాడడం మొదలుపెట్టారు. నేనెవరికీ చెప్పలేదు.

పట్టుపురుగు కరవదు, కుట్టదు, పారిపోదు, ఖర్చు లేదు. తినేది మల్బరీ ఆకు ఒక్కటే. మందు కొట్టని ఆకు కావాలి, గదిలో దోమల చుట్ట వెలిగించకూడదు, తడి ఆకు వెయ్యకూడదు. ఈ మూడూ పిల్లలే కాపలా కాశారు. ఉదయం రాగానే చెప్పులు విప్పడం కంటే ముందు పెట్టె చూసేవాళ్ళు. గుడ్డు నుంచి వచ్చినప్పటికంటే దాదాపు పదివేల రెట్లు బరువు పెరిగే ప్రాణి అది. నాలుగో జ్వరం దాటాక తినే ఆకుకు లెక్క ఉండదు. అన్నీ కలిసి నములుతుంటే సన్నగా వాన పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వినాలంటే ఇరవై రెండు మంది పిల్లలు నోళ్ళు మూసుకోవాలి. మూసుకున్నారు. నేను 'సైలెన్స్' అని ఒక్కసారి కూడా అనలేదు.

పదహారో రోజు పురుగులు తినడం మానేసి, ఒళ్ళు పసుపుపచ్చగా మెరుస్తూ తలలు అటూ ఇటూ ఊపసాగాయి. అవి గూళ్ళు కట్టుకోవడానికి రైతు చిన్న చంద్రిక (వెదురు అల్లిక) ముక్క ఇచ్చారు. రెండు రోజుల్లో గూళ్ళు కట్టేశాయి. లోపల ఏముందని అడిగితే "నిద్రపోతాంది" అని ఒకరు, "చీర నేస్తాంది" అని ఒకరు.

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న వస్తుంది. రైతులు అమ్మే గూళ్ళు ఏమవుతాయి? పురుగు రెక్కలొచ్చి సీతాకోకలాంటి చిలుకై బయటికొస్తే దారం తెగిపోతుంది కాబట్టి, పట్టు కోసం గూటిని వేడిచేసి లోపలి పురుగును చంపేస్తారు. ఇది నాలుగేళ్ళ పిల్లలకు చెప్పాలా? అడిగిన పిల్లాడి ఇంట్లోనే ఆ పని చేస్తారు, వాడికి తెలుసు కూడా. నేను అబద్ధం చెప్పలేదు, వాడి ఇంటిని తప్పుపట్టనూ లేదు. "పట్టు కావాలంటే అలా చేస్తారు. మన పెట్టెలోవాటిని మనం చిలుకలు కానిద్దాం" అన్నాను. ఇంతకంటే మంచి మాట నాకు ఈరోజుకీ దొరకలేదు.

పది పన్నెండు రోజులకు తెల్లటి చిలుకలు వచ్చాయి. వేల ఏళ్ళుగా మనిషి పెంపకంలో ఉండి ఎగరడం మరిచిపోయిన చిలుకలు. నోరున్నా తినవు. ఆడవి ఒక్కొక్కటి నాలుగైదు వందల గుడ్లు పెడతాయి, కొన్ని రోజుల్లో అన్నీ చచ్చిపోతాయి. మొదటిది చనిపోయినప్పుడు నేను తొందరపడి "పడుకుంది" అన్నాను. ఆ మధ్యాహ్నం ఒక పాప పడుకోనని మొండికేసింది. చావు అంటే మళ్ళీ లేవకపోవడం, అందరికీ వచ్చేది అన్న సంగతి చాలామంది పిల్లలకు అయిదు నుంచి ఏడేళ్ళ మధ్యే పూర్తిగా అందుతుంది. ఈలోపు మనం దాన్ని నిద్రతో కలిపేస్తే నిద్రకే భయపడతారు. మర్నాడు అందరినీ కూర్చోబెట్టి, "నేను నిన్న తప్పు చెప్పాను. అది చచ్చిపోయింది. ఇంక తినదు, కదలదు, నొప్పి కూడా ఉండదు" అన్నాను. ఎవరూ ఏడవలేదు. మందార చెట్టు కింద గుంట తీసి పెట్టారు. రెండు రోజుల తర్వాత ఇద్దరు పిల్లలు మళ్ళీ తవ్వి చూశారు. అది అగౌరవం కాదు. ఇంకా చచ్చిపోయే ఉందా అని చూసుకున్నారు.

గడప అవతల

1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి, అంతకు చాలా ముందే తన తొలి పుస్తకంలో మొక్కలు, జంతువుల పెంపకానికి ఒక అధ్యాయమే కేటాయించింది. తనకోసం ఒక ప్రాణి ఎదురుచూస్తోందని తెలిసిన పిల్లకు ముందుచూపు అలవడుతుందని ఆమె భావన. మన దగ్గర 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు ఆటలోనే, చుట్టూ ఉన్న లోకంలోంచే నేర్చుకోవాలంటుంది.

ఆ లోకం మన అంగన్‌వాడీల గడప అవతలే ఉంది. నగరంలో వ్యాన్‌లో డబ్బులిచ్చి తెప్పించుకునేది, ఊళ్ళో పది అడుగులు నడిస్తే కనిపిస్తుంది. అందుకే జంతువును బడికి తేవడం కంటే పిల్లల్ని జంతువు దగ్గరికి తీసుకెళ్ళడమే నాకు ఎక్కువ ఇష్టం. పాకలో దూడ తన చోట తను ఉంటుంది, దానికి కొత్త భయం ఉండదు, తల్లి పక్కనే ఉంటుంది. పిల్లలే అక్కడ అతిథులు. వారానికోసారి అదే దూడ దగ్గరికి వెళ్తే, కొమ్ములు మొలవడం చూస్తారు. పెంటదిబ్బ చూస్తారు. పాలు పితికే ఆమెతో మాట్లాడతారు. నగరంలో ఉన్నవాళ్ళకు గోడ మీది చీమల బారు ఉంది, కిటికీలో పావురం గూడు ఉంది. పావురం గూడును దూరం నుంచే చూడాలి.

మా చిలుకలు గుడ్లు పెట్టిన కాగితాన్ని గోడకు అతికించాం. ఆవగింజల్లాంటి గుడ్లు, వందల కొద్దీ. మేకపిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టిన పాప రోజూ వచ్చి ఆ కాగితం దగ్గర నిలబడేది. ఒక రోజు చెవి ఆనించింది. చాలాసేపు విని, "ఇంకా కొట్టుకోవడం లేదు టీచర్" అంది. లోపల ఉన్నది చాలా చిన్నదని, మన చెవికి వినపడదేమోనని అన్నాను. సరేనని తలూపి, మర్నాడు పొద్దున చెప్పులు విప్పకుండానే వచ్చి మళ్ళీ చెవి పెట్టింది.